అప్‌డేట్: నాన్నగారి ప్రామిసరీ నోటుకు గడువు ఇంకా ఉంది, దావా వేశాం

పోయిన నెల అడిగాను, గుర్తుందా? నాన్న 2021 ఆగస్టులో తెలిసినాయనకు 3 లక్షలు ఇచ్చి నోటు రాయించుకున్నారు, దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు దాటిపోయింది కదా, ఇక డబ్బు పోయినట్టేనా అని. చాలామంది పోయినట్టే అన్నారు. ఒకరు మాత్రం నోటు వెనక చెల్లు (అప్పులో కొంత కట్టినట్టు రాసిన రాత) ఉందేమో చూడమన్నారు. ఆయనకు చేతులెత్తి మొక్కాలి.

ఉంది! 2023 జనవరిలో 20 వేలు కట్టి, అప్పు తీసుకున్నాయనే తన చేత్తో రాసి సంతకం పెట్టారు. 1963 లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం గడువు లోపల కొంత కట్టి అలా రాసిస్తే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క అట. అంటే 2026 జనవరి దాకా టైముంది. అదే చెల్లు మొదటి గడువు దాటాక వేసుంటే ఈ సెక్షన్ పనికొచ్చేది కాదన్నారు వకీలు గారు. ఆ మాట వింటుంటే నాకు చెమటలు పట్టాయి. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన గడువు ఆగదని కూడా అప్పుడే తెలిసింది, మేం ఇన్నాళ్లూ అది చాలనుకున్నాం.

చీటింగ్ కేసు సంగతీ అడిగాను. మూడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాలకే కేసు పెట్టడానికి గడువు, చీటింగ్‌కు ఏడేళ్ల దాకా శిక్ష కాబట్టి గడువు లేదు, కానీ తీసుకున్న రోజే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. మా దగ్గర అలాంటిదేం లేదు, వదిలేశాం.

సంక్రాంతి సెలవులకు ముందే దావా వేశాం. నాన్న ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నారు.