‘శరీరకార్యములు’ అంటే ఒంటి పాపాలేనా?

మిర్యాలగూడ సోదరుడు:
మొన్న మా ఊరి ఉపవాస ప్రార్థనలో పౌలు గలతీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 5వ అధ్యాయం చదివారు. శరీరము ఆత్మకు విరోధమని విన్న ఒక పెద్దమ్మ, అన్నం తిని షుగరు మాత్ర వేసుకొమ్మంటే, ‘‘ఈ పెయ్యిని నలగ్గొట్టాల్నని వాక్యమే చెప్తున్నది బిడ్డా’’ అంటూ మాత్రను కొంగున ముడి వేసుకున్నది. అక్కడ గ్రీకులో ఉన్న ‘సార్క్స్’ అనే మాటకు ఒట్టి దేహమని కాదు, పాప స్వభావమని అర్థమని నేనంటే, కొత్త బోధ తెచ్చానని నా మీద పడ్డారు. పెద్దలు చెప్పండి.

నాగర్‌కర్నూల్ సోదరుడు:
తమ్ముడూ, సార్క్స్ అంటే మాంసమే. యోహాను 1:14లో వాక్యము శరీరధారి అయిందన్న చోట ఉన్నదీ ఆ మాటే. దాన్ని పాప స్వభావమని చదివితే క్రీస్తుకే పాపం అంటగట్టినట్లు కాదా? పైగా 1 కొరింథీయులకు 9:27లో పౌలే తన శరీరాన్ని నలగగొట్టుకుంటున్నానని రాసుకున్నాడు.

నల్లగొండ సోదరుడు:
అన్నగారూ, యోహాను విషయంలో మీ మాటే సరి. సర్వశరీరులు గడ్డి అన్న యెషయా 40:6లో హెబ్రీ ‘బాసార్’ను గ్రీకులో సార్క్స్ అనే తెచ్చారు, అక్కడ అది పాపం కాదు, వాడిపోయే మానవ జన్మ. కాని మీరు చూపిన 9:27లో ఉన్నది సార్క్స్ కాదు, ‘సోమా’, అంటే దేహం. పరుగు పందెం, పిడిగుద్దుల ఆట చెప్తూ పౌలు తన దేహాన్ని సాధనలో పెట్టుకుంటున్నానంటున్నాడే గాని అది శత్రువనడం లేదు. మన తెలుగు బైబిలు ఈ రెంటికీ చాలాచోట్ల ‘శరీరము’ అనే వేయడంతో చిక్కు వచ్చింది. ఇక గలతీ పత్రికలోని శరీరకార్యాల వరుస చూడండి: జారత్వం ఉన్నమాట నిజమే, కాని విగ్రహారాధన, ద్వేషం, మత్సరం, కక్షలు, భేదాలు కూడా ఉన్నాయి, ఇవి చేయడానికి ఒంటితో పనేముంది? కొలొస్సయులకు 2:18లోనైతే మనస్సుకే సార్క్స్‌ను జోడించాడు. రోమీయులకు 8:9లో మన అనువాదకులే ‘శరీర స్వభావము’ అని మాట కలిపారు. మనం ‘కండకావరం’ అంటాం, ఆ కావరం కండలో ఉండదని పశువులు కాసే పిల్లవానికీ తెలుసు.

నాగర్‌కర్నూల్ సోదరుడు:
సోమా సంగతి నేను చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా బైబిలులో సార్క్స్‌కు ‘పాప స్వభావం’ అని అచ్చు వేయడానికి ఒప్పుకోను. ఇంగ్లీషులో ఎన్‌ఐవీ అనే బైబిలు అనువాదం వారు అలాగే వేసి, 2011 కూర్పులో చాలాచోట్ల మళ్లీ మాంసమనే మాటకే వచ్చారు. యోహాను వాడిన మాటా, పౌలు వాడిన మాటా ఒకటేనని చదివేవారికి తెలియాలి గదా. అర్థం బోధకుడు విప్పి చెప్పాలి.

మిర్యాలగూడ సోదరుడు:
పెద్దమ్మకు గ్రీకు చెప్పలేదు. దేహము పరిశుద్ధాత్మకు ఆలయమన్న 1 కొరింథీయులకు 6:19 చదివి వినిపించాను. ‘‘అయితే గుడికి సున్నం వేసుకోవాల్నా?’’ అని నవ్వి, రెండు ముద్దలు తిని, కొంగు ముడి విప్పింది.