అక్క తన ప్రాణానికి ముప్పు ఉందంటోంది, నేనేం చేయాలి?

మొన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడు మధ్య గుసగుసగా, "ఈయన నన్ను బతకనివ్వడే. నాకేదైనా అయితే బాబుని నువ్వే చూసుకో" అంది. నేను కంగారులో "ఊరుకో అక్కా, బావ అలాంటివాడు కాదు" అనేశాను. ఫోన్ పెట్టేసింది. ఆ మాట ఎందుకన్నానా అని కుమిలిపోతున్నాను.

పోయిన నెల ఒకసారి గొంతు నులిమాడట. అలా ఒక్కసారి జరిగినా ప్రాణాపాయానికి పెద్ద హెచ్చరికేనని, విడిపోయే సమయంలో ప్రమాదం ఇంకా పెరుగుతుందని చదివాను. అందుకే "వెంటనే వచ్చెయ్" అనడానికి కూడా భయంగా ఉంది. బావని నిలదీస్తే ఆ కోపం అక్క మీదే చూపిస్తాడు, ఆ పని మాత్రం చేయను. ఆమె ఫోన్ కూడా అతనే చూస్తాడు, మెసేజ్ పెట్టలేను.

నిన్న తనే మళ్లీ చేస్తే "నిన్ను నమ్ముతున్నాను అక్కా" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. పోలీసులకు చెప్పొద్దంటోంది. ఆమె మాట కాదని నేను ఫిర్యాదు చేయొచ్చా? ఆపద వస్తే నాకు తెలిసేలా ఏదైనా గుర్తు మాట పెట్టుకోవాలా? సర్టిఫికెట్లు, మందులు అతనికి అనుమానం రాకుండా ముందే నా దగ్గరకు చేర్చడమెలా? ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.