రాక్స్‌బర్గ్ పుస్తకంల మోదుగుపువ్వు బొమ్మ: చేత్తో మళ్ల వేయాలంటే ఏ కాగితం, ఏ రంగు?

మెట్టుగడ్డ పిల్లగాడు: అందరికి నమస్తే. మాది మహబూబ్‌నగర్. వాటర్ కలర్ కొద్దిగ వచ్చు. ఈస్టిండియా కంపెనీ కాలంల మన దిక్కు చెట్ల మీద పని చేసిన శాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాసిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ల మోదుగ బొమ్మ ఉన్నది గదా, దాన్ని చేత్తో వేసి మా అక్క చెప్పే స్కూల్ల సైన్స్ గదికి ఇద్దామనుకుంటున్న. మంచిగొస్తే కొంటమని ఒకరిద్దరు అన్నరు కూడ. రెండు స్కాన్లు దించుకుంటే రెంటిట్ల రంగు ఒక్క తీరుగ లేదు. ఒకదాంట్ల నారింజ, ఒకదాంట్ల ఇటుక రంగు. ఏది పట్టుకోవాలె? కాగితం ఏది కొనాలె? పాతగ కనబడాలంటే టీ డికాక్షన్ పూయొచ్చా? అమ్మితే కేసు గీసు అయితదా?

దేవరకొండ డ్రాయింగ్ సారు: తమ్మీ, రెండు స్కాన్లు రెండు తీర్లుండుడు వింతేం కాదు. 1795 నుంచి 1819 దాకా లండన్‌ల మూడు సంపుటాలుగ వచ్చిందది, మొత్తం 300 బొమ్మలు. ఇది రంగుల అచ్చు కాదు. రాగిరేకు మీద గీతలు చెక్కి అచ్చేసి, ప్రతి కాపీకి మనుషులు కూసోని కుంచెతోని రంగు నింపెటోళ్లు. ఆ నింపినోళ్లు మోదుగ చెట్టును చూసి ఉంటరా? ఇంకోటి, సిందూరం, సీసపు తెలుపు లాంటి రంగులు వాడిన చోట రెండు వందల ఏండ్ల గాలికి నల్లబడతయి. స్కాన్ తీసినప్పటి లైటు సంగతి వేరే. అందుకే ఒక్క కాపీని పట్టుకో, అది ఏ లైబ్రరీదో రాసి పెట్టుకో, దానికే కట్టుబడు. రెండు కలిపితే ఎటూ గాకుండ పోతది.

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల మందం), నూరు శాతం కాటన్, హాట్ ప్రెస్డ్ అంటే నున్నటిది తీసుకో. కోల్డ్ ప్రెస్డ్‌కు గరుకుంటది, ఆకు ఈనెలు సన్నగ రావు. మన దిక్కు స్టేషనరీ దుకాండ్ల హాట్ ప్రెస్డ్ దొరుకుడు కష్టం, హైదరాబాద్ నుంచో ఆన్‌లైన్లనో తెప్పించుకో.

టీ ముచ్చట మర్చిపో. మరక ఒక్క తీరుగ రాదు, దాంట్ల ఉండే ఆమ్లానికి కాగితం చెడతది. అన్నిటికన్న ముఖ్యం, పాతదాని లెక్క చేసిన బొమ్మను రేపు ఎవడో అసలుదని అంటగడతడు. ఆ పసుపు కాగితానికి వయసు మీద పడి వచ్చింది, బొమ్మల భాగం కాదు. నువ్వు తెల్ల కాగితం మీదనే వెయ్యి.

అచ్చంపేట అక్క: సారు చెప్పింది బాగున్నది గని నేనొక మాట అంట. మోదుగ మన నల్లమల అంచున ఎటు జూస్తే అటు ఉన్నది. హోళీ ముందర ఆకు రాలి చెట్టంత పూస్తది. లండన్‌ల ఎవరో నింపిన ఇటుక రంగును మన పిల్లలకెందుకు జూపుడు? చెట్టు దగ్గరికి పోయి జూడు తమ్మీ. పూరేకు బయట సన్నటి నూగు ఉంటది, ఎండల వెండి లెక్క మెరుస్తది. పువ్వు మొదట్ల గిన్నె నల్లగుంటదని అందరు నలుపు కొడతరు. అది నలుపు గాదు, ముదురు ఆకుపచ్చల గోధుమ కలిసిన మఖమల్. అడుగు పొడవు పూల గుత్తి తెచ్చి నీళ్లల్ల పెట్టుకుంటె ఒక్క పూట ఆగుతది, ఆలోపల రంగు కలుపుకోవచ్చు.

దేవరకొండ డ్రాయింగ్ సారు: అక్కా, నీ మాట కాదనను. గని అట్ల వేస్తే అది కొత్త బొమ్మ అయితది, రాక్స్‌బర్గ్ బొమ్మకు నకలు అనొద్దు. అసలు దానికి మూలం వేసింది మన దేశపు చిత్రకారులే. రాక్స్‌బర్గ్ సామర్లకోటల ఉన్నప్పుడు వేయించి లండన్‌కు పంపిండు. చెట్ల తెలుగు పేర్లు గూడ పుస్తకంల ఇచ్చిండు. ఆయన వేయించిన బొమ్మల సెట్టు ఒకటి లండన్ క్యూ గార్డెన్స్‌ల, ఒకటి కలకత్తా బొటానిక్ గార్డెన్‌ల ఉన్నయి. అచ్చు బొమ్మ రంగు అనుమానమనిపిస్తే ఆ చేతి బొమ్మలతోని సరిచూసుకోవాలె. చెట్టును చూసి దిద్దితే కింద ‘రంగు చెట్టును చూసి మార్చినది’ అని ఒక ముక్క రాస్తె సరిపాయె.

మెట్టుగడ్డ పిల్లగాడు: సారూ, అక్కా, ఇద్దరికి శరణు. నకలే వేస్త, అక్క చెప్పిన గిన్నె రంగు మాత్రం పక్కన చిన్న ముక్కల వేసి పెడత. గీతలకు ఏం పెన్ను వాడాలె?

దేవరకొండ డ్రాయింగ్ సారు: జెల్ పెన్ను వద్దు, నీళ్లు తగలంగనే పారుతది. నీటికి కరగని పిగ్మెంట్ ఇంకు తీసుకో. కటిక నలుపు గాకుండ బూడిద నలుపు అయితె మంచిది, చెక్కుడు అచ్చు గీత అంత గాటుగ ఉండదు. ప్రింటు తీసి, వెనుక పెన్సిల్ లెడ్డు రుద్ది, కాగితం మీద పెట్టి గట్టి మొనతోని పైపైన గీసుకో. మరీ ఒత్తితే గాడి పడి రంగు దాంట్ల నిలుస్తది.

రంగు పొరలు పొరలుగ పోవాలె. ముందుగాల పలుచటి పసుపు, పూర్తిగ ఆరినంక దాని మీద ఎరుపు. ఒక్కసారే నారింజ కొడితే పువ్వు ప్లాస్టిక్ దానోలె కనబడతది. ట్యూబు మీద లైట్‌ఫాస్ట్ రేటింగ్, అంటే వెలుతురుకు రంగు ఎంత ఆగుతదో చెప్పే గుర్తు, చూడు. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు, ట్యూబు మీద రంగుపొడి కోడ్ పీఆర్ 83 అని ఉంటది, ఎండకు వెలిసిపోతది. దానికి బదులు పీఓ 73 నారింజ, పీఆర్ 254 ఎరుపు వాడు. పిల్లల డబ్బాల వచ్చే బిళ్ల రంగులు స్కూలు గోడకు పనికిరావు.

అచ్చంపేట అక్క: కేసు సంగతి ఎవరు చెప్పలే. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయినంక 60 ఏండ్ల దాకా హక్కు ఉంటది. రాక్స్‌బర్గ్ పోయింది 1815ల. కాబట్టి బొమ్మకు అడ్డు లేదు. స్కాన్ ఏ సైటుదో దాని షరతులు మాత్రం చదువుకో. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ లైబ్రరీల ప్రతి పుస్తకం పక్కన హక్కుల సంగతి రాసి ఉంటది.

దేవరకొండ డ్రాయింగ్ సారు: అమ్మేదానికి ఇంకో జాగ్రత్త. అసలు కొలత పెట్టకు. పారిస్ లూవ్ర్ మ్యూజియంల కాపీ వేసెటోళ్లకు ఐదో వంతు చిన్నగనో పెద్దగనో వేయాలె అని నియమమే ఉన్నది. నువ్వు ఏ3ల వెయ్యి, ఫ్రేము గూడ అగ్గువకు దొరుకుతది. వెనుక పెన్సిల్‌తోని నీ పేరు, ఏడాది, ‘ఫలానా పుస్తకం బొమ్మకు చేతి నకలు’ అని రాయి. ఫ్రేము కట్టేటప్పుడు అద్దం కాగితానికి అంటకుండ మధ్యల మౌంటు (అట్ట అంచు) పెట్టుమను, వానకాలం చెమ్మకు అంటుకుంటె బూజు పడతది. స్కూల్ల కిటికీకి ఎదురుంగ మాత్రం వేలాడదీయనియ్యకు.