స్ప్రింగ్ స్థిరాంకం స్థిరంగా ఉండట్లేదు, తప్పు నాదా స్ప్రింగ్‌దా?

తీగచుట్ట: హుక్ నియమం (బరువు ఎన్ని రెట్లైతే సాగుదలా అన్ని రెట్లవ్వాలి, బరువుని సాగుదలతో భాగిస్తే వచ్చేదే స్ప్రింగ్ స్థిరాంకం) ప్రయోగం మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే తంతు. 50 గ్రాములు తగిలిస్తే స్ప్రింగ్ ఉలకలేదు పలకలేదు. 100కి 1 సెం.మీ., 150కి 3, 200కి 5, 250కి 7 సాగింది. బరువుని సాగుదలతో భాగిస్తే మీటరుకి 98 న్యూటన్లు, ఆ తర్వాత 49, 39, 35. పేరుకి స్థిరాంకం, ఇదేమో మెట్లు దిగుతోంది. రికార్డులో స్ప్రింగ్ పాడైందని రాసేయనా?

పాతలాబ్: పాడైన స్ప్రింగ్ ఇంత బుద్ధిగా సాగదు తమ్ముడూ. నీ అంకెలే మళ్లీ చూడు. 100 దాటాక ప్రతి 50 గ్రాములకీ సరిగ్గా 2 సెం.మీ. అంటే 0.49 న్యూటన్లని 0.02 మీటర్లతో భాగించాలి: 24.5. అదీ నీ స్థిరాంకం. గ్రాఫు గీస్తే సరళరేఖే వస్తుంది, కాకపోతే సున్నా దగ్గర కాకుండా 75 గ్రాముల దగ్గర మొదలవుతుంది. దాన్ని బలవంతంగా లాక్కొచ్చి మూలబిందువుకి కలపకు. మా రోజుల్లో అందరం చేసిన పాపం అదే.

తీగచుట్ట: ఆ 75 ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నా?

మరమేకు: స్ప్రింగ్‌ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూడండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య కాగితం కూడా దూరదు కదా? లాగుడు స్ప్రింగుల్ని చుట్టేటప్పుడే చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకునేలా బిగించి చుడతారు. బయటి బరువు ఆ బిగువుని దాటేదాకా చుట్లు విడవవు. మీ దాంట్లో ఆ బిగువు సుమారు 0.74 న్యూటన్లు. పెన్నులో ఉండే స్ప్రింగ్‌కి ఈ గొడవ లేదు, అది నొక్కుడు స్ప్రింగ్, చుట్లు ముందే ఎడంగా ఉంటాయి.

గోడగడియారం: మరీ బిగువుగా ఉంటే సగానికి కోసేయండి, స్థిరాంకం కూడా సగమవుతుంది.

మరమేకు: అయ్యయ్యో, తిరగేశారు. రెట్టింపవుతుంది! ఒకే బలం ప్రతి చుట్టుమీదా పడుతుంది, ఒక్కో చుట్టు తన వంతు సాగుతుంది. చుట్లు సగమైతే సాగుదల సగం, అంటే స్ప్రింగ్ రెండింతలు గట్టి. నేనూ ఒకసారి మెత్తబడుతుందనే ఆశతో కోసి, పనికొచ్చే స్ప్రింగ్‌ని చెడగొట్టుకున్నాను. ఇంకో సంగతి: స్ప్రింగ్ సాగుతోందంటే లోపల తీగ పొడవు పెరుగుతోందని కాదు, అది ముఖ్యంగా మెలిపడుతోంది. అందుకే తీగ మందం రెట్టింపైతే, చుట్టు వెడల్పూ చుట్ల సంఖ్యా మారకుండా, స్థిరాంకం 16 రెట్లవుతుంది.

గోడగడియారం: ఒప్పుకున్నా. కత్తెర పక్కన పెట్టేశా.

సాగుడుబంక: నేను స్ప్రింగ్ దొరక్క రబ్బరుబ్యాండుతో చేశాను, ఎవరూ చెయ్యకండి. బరువులు ఎక్కించేటప్పుడు ఒక పొడవు, దించేటప్పుడు అదే బరువుకి ఇంకాస్త ఎక్కువ పొడవు. తేడాగా పోయిన శక్తి వేడిగా మారుతుందట. పైగా బ్యాండుని చటుక్కున సాగదీసి పెదవికి ఆనిస్తే వెచ్చగా తగుల్తుంది, వదిలేస్తే చల్లబడుతుంది. నాకు మార్కులు రాలేదు గానీ ఆ ఆట మాత్రం నచ్చింది.

పాతలాబ్: తీగచుట్టా, డోలనాలతో కూడా సరిచూడు. 200 గ్రాములు వేలాడదీసి కొంచెమే లాగి వదులు, 2 సెం.మీ. చాలు. ఎక్కువ లాగితే పైకొచ్చినప్పుడు చుట్లు ఢీకొట్టుకుంటాయి, లెక్క చెడుతుంది.

తీగచుట్ట: చేశాను. 20 డోలనాలకి 11.7 సెకన్లు. డోలనకాలం సూత్రంలో, అదే 2π√(ద్రవ్యరాశి/స్థిరాంకం)లో, 24.5 వేస్తే 11.35 రావాలి. మళ్లీ తేడా!

పాతలాబ్: ఊగేది బరువొక్కటేనా? స్ప్రింగూ ఊగుతోంది కదా. పై కొస కదలదు, కింది కొస బరువుతో సమానంగా పరిగెడుతుంది, మధ్యవి మధ్యస్థంగా. వాటి గతిజశక్తంతా కలిపితే స్ప్రింగ్ ద్రవ్యరాశిలో మూడో వంతు బరువుకి తోడైనట్టు లెక్క తేలుతుంది. నీ కాలం ప్రకారం ఆ అదనం 12 గ్రాముల చిల్లర. స్ప్రింగ్‌ని తూచావా?

తీగచుట్ట: ఇప్పుడే తూచాను. 36 గ్రాములు! గ్రాఫులో 75 దగ్గర మొదలైన గీతని చెరపకుండా అలాగే ఉంచి, పక్కన చుట్ల బిగువు అని రాశాను.