నేల అంతస్తు ఫ్లాటులో జరిపే అద్దాల తలుపు: కొత్తగా వచ్చినవారి ప్రశ్న, మనవాళ్ల సమాధానాలు

ప్రశ్న (ఇర్వింగ్, టెక్సాస్ నుంచి; స్వస్థలం అమలాపురం)

అందరికీ నమస్కారమండి. మేము ఇటీవలే అమలాపురం నుంచి ఇర్వింగ్‌కు వచ్చి, ఒక అపార్ట్‌మెంటులో నేల అంతస్తులో అద్దెకు దిగాము. ఇక్కడివారు దీనినే ఫస్ట్ ఫ్లోర్ అంటున్నారు. హాలుకూ వెనుకనున్న చిన్న వరండాకూ మధ్య పక్కకు జరిపే అద్దాల తలుపు ఉంది. దానికి గ్రిల్ లేదు, బయట గేటు లేదు, పిడి దగ్గర ఒక చిన్న కొక్కెం తప్ప వేరే గడియ కూడా లేదు. మావారు రాత్రి షిఫ్టుకు వెళ్లిన రోజులలో నేనూ పాపా మాత్రమే ఇంట్లో ఉంటాము. కిటికీలకు ఇనుప కమ్మీలున్న ఇళ్లలో పెరిగినదాన్ని కావడం వల్ల ఈ తలుపును చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. అద్దె ఇంట్లో ఏమేమి చేసుకోవచ్చో పెద్దలు చెప్పగలరు.

సమాధానం (రాజోలు నుంచి)

అమ్మా, నేను డాలస్ ప్రాంతంలో చాలాకాలం ఇళ్ల తలుపులు, కిటికీల మరమ్మతు పనులు చేసి ఇప్పుడు రాజోలులో ఉంటున్నాను. మీ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ తలుపు బలహీనత ఎక్కడ ఉన్నదో తెలిస్తే, దానిని సరిచేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదని మీకే తెలుస్తుంది.

చాలామంది అద్దం పగులుతుందని భయపడతారు గానీ, అంతకంటే ముందు చూడవలసినది తలుపు చట్రాన్ని. మీరు చెప్పిన కొక్కెం పలుచని లోహపు ముక్క. తలుపును మూసి ఉంచడానికి పనికివస్తుందే తప్ప, బయటినుంచి బలంగా ఊపి లాగితే ఆగుతుందని నమ్మకూడదు. రెండవది, ఈ తలుపును బిగించే పద్ధతిలోనే ఒక లొసుగు ఉంది. పనివాళ్లు దీనిని ముందు పై గాడిలోకి ఎత్తి, తరువాత కింది పట్టామీదికి దించుతారు. దించినదానిని మళ్లీ ఎత్తవచ్చు కదా! అడుగున ఉండే చక్రాలు అరిగినకొద్దీ తలుపు కిందికి దిగుతుంది, పైన ఖాళీ పెరుగుతుంది, అప్పుడు కొక్కెం వేసి ఉన్నా సరే తలుపును పట్టామీదినుంచి పైకి లేపే వీలు కలుగుతుంది. ఈరోజే తలుపు మూసి కొక్కెం వేసి, మీవారిని రెండు చేతులతో దానిని పైకి లేపి చూడమనండి. కాస్త కదలడం సహజమే. కింది అంచు పట్టాను దాటేంతగా లేస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు.

మరమ్మతు కూడా అక్కడినుంచే మొదలుపెట్టాలి. ముందుగా పట్టాలోని దుమ్మును వాక్యూమ్‌తో తీసి, తలుపు కింది మూలల వద్ద ఉండే స్క్రూలను తిప్పి చక్రాల ఎత్తును సరిచేయాలి. కొన్ని తలుపులలో ఆ స్క్రూలు చిన్న ప్లాస్టిక్ మూతల వెనుక ఉంటాయి. పట్టాకు నూనె పూయవద్దు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది. సిలికాన్ స్ప్రే వాడవచ్చు. ఆ తరువాత తలుపు తెరిచి, మూసినప్పుడు దాని పై అంచు ఏ భాగంలో నిలుస్తుందో అక్కడ పై గాడిలోకి రెండు మూడు స్క్రూలు ఎక్కించి, వాటి తలలు కొద్దిగా కిందికి దిగి ఉండేటట్లు వదలాలి. తలుపు వాటి కిందనుంచి ఒరుసుకోకుండా జరగాలి గానీ, పైకి లేవడానికి చోటు మిగలకూడదు. చక్రాలను సరిచేయకముందే స్క్రూలు బిగిస్తే కొలత తప్పుతుంది కనుక ఈ వరుసను మార్చవద్దు. సముద్రం దగ్గరగా ఉన్న మా వైపు కొత్త ఇళ్లలోనూ ఇప్పుడు ఇటువంటి తలుపులే పెట్టిస్తున్నారు; ఉప్పుగాలికి ఇనుప చక్రాలు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి కాబట్టి ఇక్కడ కూడా నేను మొదట చూసేది చక్రాలనే.

ఇక కర్ర సంగతి. లోపలి పట్టాలో కర్ర పెట్టమని అక్కడ అందరూ చెబుతారు. మన పాత మండువా ఇళ్లలో తలుపు వెనుక వేసే అడ్డగడియ ఎలా పనిచేసేదో ఇదీ అలాగే పనిచేస్తుంది. మూసిన తలుపు అంచునుంచి ఎదుటి చట్రం వరకు కొలిచి, అంతకు పావు అంగుళం కంటే ఎక్కువ తగ్గకుండా కర్రను కోయించండి. వదులుగా ఉంటే తలుపును కొద్దిగా జరిపి, ఆ సందులోంచి తీగతో కర్రను లేపేయవచ్చు. హోమ్ డిపో, లోస్ వంటి దుకాణాలలో గుండ్రని కర్రలు దొరుకుతాయి. అయితే కర్ర తలుపును జరగనివ్వదు గానీ పైకి లేపకుండా ఆపలేదు. రెండింటినీ ఆపేది పిన్ లాక్. రెండు చట్రాలు ఒకదానిమీద ఒకటి వచ్చే చోట, లోపలి చట్రం గుండా బయటి చట్రంలో సగం వరకు రంధ్రం చేసి అందులో ఉక్కు పిన్ను దూరుస్తారు. దానిని మీరు స్వయంగా చేయవద్దు. డ్రిల్ మొన చట్రంలోపలి అద్దపు అంచును తాకిందంటే ఆ టెంపర్డ్ గ్లాసు (వేడిచేసి గట్టిపరచిన అద్దం) మొత్తం ఒక్కసారిగా పొడిపొడి అవుతుంది.

అద్దం గురించి కూడా చెప్పాలి. అమెరికాలో 1977 నుంచి ఇటువంటి తలుపులకు సేఫ్టీ గ్లాసు వాడాలన్న నిబంధన ఉంది. అది మనిషి తగిలినప్పుడు పెద్ద పెంకులుగా విరిగి గాయపరచకుండా ఉండటానికి పెట్టిన నిబంధన, దొంగను ఆపడానికి కాదు. అద్దంమీద అంటించే సెక్యూరిటీ ఫిల్మ్ అనే గట్టి పొర దొంగను కొంత ఆలస్యం చేయిస్తుంది. కానీ దాని అంచులను చట్రానికి సిలికాన్‌తో పట్టించకపోతే, పగిలిన అద్దం ఫిల్మ్‌తో సహా ఒకే చాపలా ఊడి రావచ్చు. అద్దె ఇంటికి ఆ ఖర్చు అవసరమని నేను అనుకోను. అంటించే రకం అయస్కాంతపు సెన్సారును, అద్దం పగిలే శబ్దాన్ని పసిగట్టే సెన్సారును పెట్టుకోండి. మొదటిది తలుపు తెరిస్తేనే మోగుతుంది, అద్దం పగిలితే మోగదు. అందుకే రెండూ కావాలి.

సమాధానం (ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి, స్వస్థలం భీమవరం)

బాబాయిగారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం కలుపుతున్నానండి. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 92.153వ సెక్షను ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్ప, అద్దె ఇంటిలో బయటికి తెరుచుకునే ప్రతి స్లైడింగ్ అద్దాల తలుపుకూ పిన్ లాక్, దానితోపాటు పిడి దగ్గరి లాచ్ (కొక్కెం) గానీ సెక్యూరిటీ బార్ (తలుపు జరగకుండా అడ్డంగా వేసే కమ్మీ) గానీ యజమానే తన ఖర్చుతో, అద్దెదారు అడగకపోయినా అమర్చి ఉండాలి. పాత అద్దెదారు ఖాళీ చేసి కొత్తవారు దిగాక ఏడు రోజులలోగా తాళాలు కూడా మార్చాలి. కనుక మొహమాటపడకుండా ఆఫీసువారికి రాతపూర్వకంగా, ఆ సెక్షను సంఖ్య రాసి, తలుపు ఫొటోలు జతచేసి అభ్యర్థన పంపండి. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు.

మరొకటి, రెంటర్స్ ఇన్సూరెన్సు (అద్దెకుండేవారు తమ సామానుకు చేయించుకునే బీమా) ఉంటే నగల దొంగతనానికి ఉన్న పరిమితిని చూసుకోండి. చాలా పాలసీలలో అది 1,500 డాలర్లే ఉంటుంది. అంతకు మించిన బంగారాన్ని విడిగా నమోదు చేయించాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. మావారు తలుపును లేపి చూశారు, బాగానే కదులుతోంది. పిన్ లాక్ కనబడలేదు, అభ్యర్థన ఈరోజే పంపాము. అయితే బాబాయిగారూ, మా తలుపులో జరిగే రెక్క బయటివైపు పట్టామీద ఉంది, లోపలివైపు ఉన్నది కదలని రెక్క. కర్ర ఎక్కడ పెట్టాలో అర్థం కావడం లేదు. వచ్చే వేసవిలో అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు, వారికి ఇదంతా కష్టమవుతుందేమో కూడా చెప్పండి.

సమాధానం (రాజోలు నుంచి)

మంచి గమనింపు అమ్మా. జరిగే రెక్క బయట ఉంటే లోపలి పట్టాలో పెట్టిన కర్ర దేనినీ ఆపదు, బయటి పట్టాలో పెడితే బయటివాడి చేతికే అందుతుంది. కనుక కర్ర ఆలోచన మానండి. మీ తలుపుకు పిన్ లాక్ తప్పనిసరి, పై గాడిలో స్క్రూలు కూడా తప్పనిసరి, ఎందుకంటే అటువంటి రెక్కను బయట నిలబడి ఎత్తడం మరింత సులువు. మెయింటెనెన్స్ మనిషి వచ్చినప్పుడు రెండు పనులూ ఒకేసారి చేయించుకోండి. రంధ్రాన్ని కొద్దిగా కిందికి వాలుగా చేయమని అడగండి. అప్పుడు తలుపును ఎంత కుదిపినా పిన్ను బయటికి జారదు.

పెద్దవారి విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. తాళంచెవితో తెరిచే ఏ సాధనాన్నీ ఆ తలుపుకు పెట్టవద్దు. వంటింట్లో మంట లేచి వీధి తలుపు దారి మూసుకుపోతే మీకు మిగిలేది ఆ వరండా దారే. మామయ్యగారు చీకట్లో తడుముకుంటూ కూడా పిన్ను తీయగలగాలి, అత్తయ్యగారు వంగకుండా తీయగలగాలి. వారు వచ్చిన రోజే దీపాలు ఆర్పి ఇద్దరిచేతా ఒకసారి తీయించి చూడండి. పిన్నుకు చిన్న గొలుసు ఉండి చట్రానికి తగిలించేది దొరుకుతుంది, అదే అడిగి వేయించుకోండి. విడి పిన్ను అయితే పాప ఆడుకుంటూ ఎక్కడో పెట్టేస్తుంది.