ఖతార్ గ్రాట్యుటీ బకాయి: గుంటూరు నుంచే కేసు వేయొచ్చా?

2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ స్టేడియం పనుల్లో చేసిన ఒక సెంట్రింగ్ కార్మికుడి లెక్క ఇది. కాంట్రాక్టు 2018 జనవరి నుంచి 2022 డిసెంబర్ 31 దాకా. బేసిక్ 1000 రియాళ్లు, తిండికి 300, బస కంపెనీదే. ఆఖరి రెండు నెలల జీతం 2600 రాలేదు. గ్రాట్యుటీ ఏడాదికి మూడు వారాల బేసిక్ చొప్పున ఐదేళ్లకు 3500. మొత్తం 6100 రియాళ్లు.

కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టాం, జవాబు లేదు. విజయవాడ నుంచి అతన్ని పంపిన ఏజెంట్ ఫోనెత్తడు. ఖతార్ కార్మికశాఖ సైట్‌లో ఫిర్యాదు పెడదామంటే ఓటీపీ ఎప్పుడో ఆగిపోయిన అక్కడి సిమ్‌కే పోతోంది, ఐడీ గడువూ తీరింది. ఫ్లైట్ ఎక్కే ముందురోజు క్యాంపులో అరబిక్ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ‘అంతా ముట్టింది’ అని రాసి ఉందట. అసలు తంటా అదే. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రం ఉంది, ఆ రెండు నెలలు ఖాళీ.

అక్కడి చట్టం ప్రకారం కాంట్రాక్టు ముగిసిన ఏడాదిలోపు కేసు వేయాలి. ఇది రాస్తున్న 2023 నవంబర్‌కి ఇంకా ఆరు వారాలే ఉంది.

ఇక్కడ నోటరీ చేయించి, ఢిల్లీలోని ఖతార్ ఎంబసీ ముద్ర వేయించిన పవర్ ఆఫ్ అటార్నీతో, మనిషి వెళ్లకుండానే అక్కడి కార్మిక వివాదాల కమిటీలో కేసు నమోదు చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?