అప్‌డేట్: మున్నేరు వరద బాధితులకు నల్గొండ నుంచి ఏం పంపాలని అడిగాను కదా

2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్లు మునిగినప్పుడు, మా నల్గొండ కాలనీలో పోగైన డబ్బు, సామాను ఎట్లా పంపాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.

"ముందు అక్కడివాళ్లకే ఫోన్ చేసి అడుగు" అన్న సలహానే పనిచేసింది. ఖమ్మంలో మా బావమరిది వాళ్ల వీధిలో నీళ్లు దిగిపోయినా ఇళ్లనిండా బురదే. బియ్యం అప్పటికే అందాయట. కావాల్సినవి చీపుర్లు, బకెట్లు, పారలు, బ్లీచింగ్ పౌడర్, చాపలు, వంటగిన్నెలు. పిల్లల పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయని విన్నాక మనసు ఆగలేదు, నోటుబుక్కులు కూడా కొన్నాం. డీసీఎం వ్యాన్ మాట్లాడుకుని సూర్యాపేట మీదుగా వెళ్లి ఇంటింటికీ ఇచ్చి వచ్చాం. పాత బట్టలు తీసుకెళ్లకపోవడమే మంచిదైంది, వాటిని పెట్టుకునే పొడి చోటు కూడా వాళ్లకు లేదు.

ఇంకా ఇస్తామన్నవాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి ఎవరి పేరుతో వాళ్లే ఆన్‌లైన్‌లో కట్టారు. 80జి రసీదు (విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు కోసం చూపించేది) గురించి నేను పడ్డ టెన్షన్ అనవసరం, మాలో చాలామంది కొత్త పన్ను విధానంలోనే ఉన్నారు. అందులో ఆ మినహాయింపు లేదని ఆడిటర్ చెప్పారు. పాత విధానంలో ఉంటే సహాయనిధికి ఇచ్చినదానికి 100 శాతం మినహాయింపు వస్తుంది, కానీ నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే రాదు, వస్తువులుగా ఇచ్చినదానికి అసలే రాదు.